తప్పు పట్టుట, తప్పు కనుగొనుట

సంసారములో ఏ వస్తువు చెడినను మనము మొదట అడుగు ప్రశ్న "ఎవరు చేసినారు?" అనునదియే. పాలు విరిగినను, గాజుగ్లాసు పగిలినను, బావిమోటారు నిలిచినను, ఇంటనున్న వారిలో ఎవరో ఒకరి ముఖము వాడవలసినదే. అట్లు నా ముఖము వాడిన ఒక సందర్భమును, దానివలన నేను నేర్చుకొన్న చిన్న విద్యను సోదరీమణులకు చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. విషయము పాత మోటారుసైకిలు మరమ్మతు గనుక ఇది మగవారి పనియని పుట త్రిప్పివేయకుందురు గాక.

మాది చిత్తూరు జిల్లాలోని పూతలపట్టు. మా మామగారి మోటారుసైకిలును మా అత్తగారు "నా సవతి" యని పిలుచుచుందురు. ఆమె కాపురమునకు వచ్చిన కొన్నియేండ్లకు ఆ బండియు ఇంటికి వచ్చినదట. నాటినుండి మామగారు ప్రొద్దున లేచి మొదట దాని ముఖమునే చూతురని ఆమె ఫిర్యాదు. అది పాయింట్లతో నడచు పాత బుల్లెట్టు. 1955లో మద్రాసులో నెలకొన్న కర్మాగారమున పుట్టిన జాతి. చిత్తూరునకు, పాకాలకు, కాణిపాకమునకు, తిరుపతికి మా కుటుంబమును మోసినది అదియే. మావారిని బడికి తీసికొనిపోయినది అదియే. నేను క్రొత్తకోడలినై ఇక్కడి స్టేషనులో రైలు దిగిన నాడు నా పెట్టెను ఇంటికి చేర్చినదియు అదియే.

మా ప్రాంతమున ఆయుధపూజనాడు కత్తిపీట మొదలు బావిమోటారు వరకు పనిముట్లన్నిటికిని పసుపుకుంకుమలు పెట్టుదుము. బండ్లను కడిగి, పూలదండ వేసి, చక్రము క్రింద నిమ్మకాయ నలిపించుట ఆచారము. మొన్నటి దసరాకు బండి కడిగినదానను నేను. గొట్టముతో నీళ్లు పట్టి, సందుసందులలోని మట్టిని పాత బ్రష్షుతో తోమి అద్దమువలె చేసితిని. మామగారు చూచి మురిసిపోయిరి.

ఆ తరువాత నాలుగవ నాడు ఆయన కండ్లు చూపించుకొనుటకు చిత్తూరికి బయలుదేరిరి. ఊరు దాటి మూడు నాలుగు మైళ్లు పోవునప్పటికి బండి రెండుమారులు దగ్గి ఆగిపోయినది. చెట్టునీడను అరగంట కూర్చుండి తన్నగా మరల నడచినది; కొంతదూరము పోయి మరల ఆగినది. డెబ్బదినాలుగేండ్ల వయస్సున, మసకబారిన చూపుతో, ఆ బరువైన బండిని ఎండలో త్రోయుచు ఎంతదూరము నడచిరో ఆయన చెప్పలేదు. సామాను ఆటోలో బండిని వేసికొని తిరిగివచ్చి, అరుగుమీద కూర్చుండి, చాలసేపు రొమ్ముపై చేయి పెట్టుకొని యుండిరి.

"నీళ్లు పోసి సంపినావు గదమ్మా దాన్ని" అనిరి అత్తగారు.

"కరెంటు సామాన్లలోకి నీళ్లు పోతే ఇంగేముంటాది" అనిరి ఎదురింటివారు.

బెంగుళూరులో ఉద్యోగము చేయు మావారు ఫోనులో, "పాతినుము కొట్టుకి ఇచ్చేయండి. నాయిన ప్రాణం కంటే బండి ఎక్కువా?" అనిరి.

నేను నీళ్లు పోసిన మాట నిజము. కాణిపాకము వినాయకుని యెదుట అబద్ధపు ప్రమాణము చేయుటకు మా ప్రాంతమున ఎంతటివారును జంకుదురు. ఆ సన్నిధిలో నన్ను నిలువబెట్టి అడిగినను పోసితిననియే చెప్పవలసియుండెను. కనుక నోరు మెదపలేదు.

మెకానిక్కు పిల్లవాడు వచ్చి ప్లగ్గు మార్చెను. బండి నడచెను; సాయంకాలమునకు ఆగెను. కార్బురేటరు విప్పి కడిగెను. నడచెను, మరల ఆగెను. ఇక బ్యాటరీ మార్చి చూడవలెననెను. అతనిని నిందింపరాదు. అతడు నేర్చుకొన్న నేటి బండ్లలో పాయింట్లు లేవు. వాని పనిని ఎలక్ట్రానిక్ పెట్టె చేయును. అతడు ముట్టిన ప్రతిమారును బండి చల్లారియుండెను గనుకనే ప్రతిమారును నడచినది. ఆ సంగతి అప్పుడు మాలో ఎవరికిని తోచలేదు.

మూడవనాటి రాత్రి నాకు నిద్రపట్టలేదు. పాతినుము కొనువాడు మరునాటి సాయంకాలము వచ్చుననిరి. బండి పోయిన తరువాత మామగారు ఎవరినో ఒకరిని బ్రతిమాలుకొనక గడప దాటలేరు. ఆయన కాళ్లను నా చేతులతో నేనే విరిచినట్లు తోచెను.

తెల్లవారుజామున పాలు కాచుచుండగా ఆయన వంటింటి గడపవద్దకు వచ్చిరి. "అమ్మా, ఈ పొద్దుకు నీ కండ్లూ, చేతులూ నాకియ్యి. తప్పు ఎవురిదో తరవాత చూసుకుందాం. యాడుందో ముందు చూద్దాం" అనిరి.

పెరటిలో బండివద్ద పీట వేసికొని కూర్చుండి ఆయన మొదట ఒక ప్రశ్న అడిగిరి. "నీళ్ల తప్పే అనుకో. తడి యెప్పుడు జాస్తిగా ఉంటాది? తెల్లారి మంచులోనా, ఇంజను కాలినాకనా?"

"తెల్లారే గదా మామా. కాలితే ఆరిపోతాది."

"మరి బండి తెల్లారి మొండికేస్తా ఉండాదా?"

"లేదు. తెల్లారి ఒక్క తన్నుకే లేస్తాది. కాలినాకనే ఆగిపోతాది."

"అట్లయితే నీళ్లను వదిలిపెట్టు. కాలితే చెడేది ఏదుందో దాన్ని ఎతుకు."

నా గుండెపై మూడుదినములుగా నున్న బండ ఆ ఒక్క మాటతో సగము దొరలిపోయినది. ఇంతమందిమి ఇన్నిమాటలు అనుకొంటిమి గాని, బండి ఎప్పుడు ఆగుచున్నదని ఒక్కరమును అడుగలేదు.

తరువాత ఆయన నాచేత ఒక దీపము చేయించిరి. ఇండికేటరులోని పాత బల్బునకు రెండు తీగలు అతికించుట, అంతే. "మడికి నీళ్లు రాకుంటే ఏం చేస్తాం? బావికాడ నుంచి కాలవెంబడి నడుచుకుంటా పోతాం. యాడ తడి ఆగిపోయుంటాదో ఆడ మడవ తెగుంటాది" అనిరి. బండిలోని విద్యుత్తునకును ఇట్టి కాలువయే కలదు. బ్యాటరీ బావి. అక్కడినుండి ఫ్యూజు, తాళము, కాయిలు, పాయింట్లు. అక్కడినుండి బండి ఇనుపశరీరము ద్వారా మరల బ్యాటరీ. దీపపు ఒక తీగను ఇంజను ఇనుమునకు ఆనించి, రెండవదానిని వరుసగా ఒక్కొక్క చోట తాకించవలెను. వెలిగినచో అంతవరకు విద్యుత్తు వచ్చినట్లే. ఎక్కడ వెలుగలేదో, దానికిని అంతకుముందు చోటునకును నడుమనున్నది తప్పు.

పనికి పూనుకొనకముందు ఆయన నా లోహపు గాజులు తీయించిరి. బ్యాటరీ రెండు కొనల నడుమ లోహపు గాజు తగిలినచో క్షణములో ఎఱ్ఱగా కాలి చేతిని కాల్చును. కొంగు బిగించి దోపుకొంటిని. ఈ పరీక్షదీపము మా బండివంటి 12 ఓల్టుల బ్యాటరీకే గాని, ఇంటిలోని కరెంటునకు ఎన్నడును తాకించరాదని కూడ చెప్పిరి.

దీపము ఫ్యూజువద్ద వెలిగినది. తాళము త్రిప్పగా కాయిలువద్ద వెలిగినది. ఇక కాయిలు నుండి పాయింట్లకు పోవు తీగను తాకించి, కిక్కును చేతితో మెల్లగా నొక్కితిని. పాయింట్లు విడివడినప్పుడు వెలుగుచు, కలిసినప్పుడు ఆరుచు నుండెను. అది ఉండవలసిన తీరు. ఎల్లప్పుడు వెలుగుచునే యున్నచో పాయింట్లు మాసి కలియుటలేదని అర్థము. అసలే వెలుగకున్నచో విద్యుత్తు అంతవరకు రాలేదు, లేదా దారిలో ఇనుమును తాకి పోవుచున్నది. పాయింట్ల ఎడమును రేకుతో కొలిచితిని. ఈ పాత బండ్లకు 0.35 నుండి 0.40 మిల్లీమీటర్ల వరకు ఉండవలెను. రేకు లేనిచో విజిటింగుకార్డు మందమని గుర్తు. ఎడమును సరిగనే యున్నది.

"సల్లగా ఉంటే అన్నీ బాగానే ఉంటాయి. దాన్ని కాలనీ" అనిరి మామగారు. బండిని నిలువుస్టాండుపై పెట్టి నడిపితిమి. పావుగంటకు పైగా నడచి, దగ్గి, ఆగినది. "ఇప్పుడు!" అని ఆయన కేకవేసిరి.

చల్లారకముందే ప్లగ్గు తీసితిని. కొన పెట్రోలుతో తడిసియుండెను. కనుక పెట్రోలు వచ్చుచున్నది, కార్బురేటరు నిర్దోషి. ప్లగ్గును తుడిచి, దాని తీగకు తగిలించి, పెట్రోలు ఆవిరి వెడలు రంధ్రమునకు దూరముగా ఇంజను ఇనుముపై ఆనించి, పొడిగుడ్డతో తొడుగును పట్టుకొంటిని. మామగారు కిక్కు తన్నిరి. నీలముగా టప్పున దుమికి రావలసిన నిప్పురవ్వ పసుపుపచ్చగా, ఆరిపోవు వత్తివలె కనబడినది. అప్పుడు పాయింట్ల మూత తీసి చూడుమనిరి. ఆయన తన్నగనే పాయింట్ల నడుమ పెద్ద మెరపు మెరసెను.

"మామా, ప్లగ్గులో రావాల్సిన నిప్పు ఇక్కడ వస్తా ఉండాది!" అంటిని.

ఆయన కొంతసేపు మాటాడలేదు. తరువాత మెల్లగా, "కండెన్సరు" అనిరి.

దాని పనిని నాకు తెలిసినంతలో చెప్పెదను. కాయిలులో రెండు తీగచుట్టలు కలవు. ఒకటి లావుతీగతో కొన్ని వందల చుట్లు, రెండవది సన్నతీగతో వేలకొలది చుట్లు. మొదటిదానిలో పారుచున్న విద్యుత్తు హఠాత్తుగా తెగినచో రెండవదానిలో అనేకవేల ఓల్టుల విద్యుత్తు పుట్టి, ప్లగ్గు కొననున్న సందును దాటును. అదియే నిప్పురవ్వ. దీనికి మూలమైన ధర్మమును ఇంగ్లండులో మైకేల్ ఫారడే 1831లో కనుగొనెను. ఆ తెగుట తటాలున జరుగవలెను. పాయింట్లు విడివడునప్పుడు విద్యుత్తు ఒక్కసారిగా నిలువక, ఆ సందును దుమికి పోవ యత్నించును. బొటనవ్రేలి కణుపంత యుండు కండెన్సరు దానిని ఆ క్షణమున తనలోనికి తీసికొని పాయింట్లవద్ద మంట రాకుండ కాపాడును. అది పాతబడినచో చల్లగా నున్నప్పుడు పనిచేసి, వేడెక్కగానే చేతులెత్తివేయవచ్చును. అప్పుడు నిప్పు పాయింట్లవద్దనే వృథాయై, ప్లగ్గు ఆకలితో నుండును. పాయింట్లును కాలి నల్లబడును. కాయిలును వేడికి చెడగల వస్తువే. కాని దాని దోషమైనచో పాయింట్లవద్ద ఇంత మంట సాధారణముగా రాదు.

మామగారు లేచి లోనికి పోయి, తన రేకుపెట్టెలోనుండి కాగితము విప్పని క్రొత్త కండెన్సరును తెచ్చి నా చేతిలో పెట్టిరి. నేను ఆశ్చర్యముతో చూచితిని. దానిని మాత్రమే మార్చి, పాయింట్లను సన్నని ఉప్పుకాగితముతో శుభ్రము చేసి, పెట్రోలు గుడ్డతో తుడిచి ఆరనిచ్చి, మూతవేసితిని. మరియేదియు ముట్టవద్దనిరి. ఒకేసారి నాలుగు వస్తువులు మార్చినచో బండి బాగుపడవచ్చునుగాని, తప్పు ఎందులో నుండెనో ఎన్నటికిని తెలియదట. బండి లేచినది. అరగంట నడచినది. ముప్పాతిక గంట నడచినది. ఆగలేదు.

ఆ శబ్దము విని అత్తగారు పెరటిలోనికి వచ్చిరి. మామగారు తాళము త్రిప్పి బండిని ఆపి, ఆమెతో చెప్పిన మాటలను నేను మరువజాలను.

"పాప నీళ్లు పోసినందుకు గాదు. ఈ సామాను రెండేండ్ల కిందటే కొనిపెట్టినా. పాయింట్లు మాటికీ నల్లబడతా ఉంటే అప్పుడే తెలుసు నాకు. కండ్లు ఆనక మార్చలేకపోతి. నాకు కనబడలేదని ఎవురితో చెప్పేదానికీ నోరు రాలేదు. మూడు దినాలు దీన్ని మీరంతా అంటా ఉంటే యిన్నాను, ఊరకుండినా. తప్పు నాది."

అత్తగారు ఆయనను చూచిరి, నన్ను చూచిరి. ఏమియు అనలేదు. లోపలికి పోయి ముగ్గురికిని కాఫీ తెచ్చిరి. మొదటి గ్లాసు నాకిచ్చిరి. మా యింట మొదటి గ్లాసు కోడలికి ఇచ్చుట ఆనాడే చూచితిని.

కథ ఇక్కడనే ముగించినచో నేను నిర్దోషినై మిగులుదును. కాని అది సత్యము కాదు. ఆ సంతోషములో నేను మరునాడు బ్యాటరీకి డిస్టిల్డు వాటరు పోసి, కొనలు తుడిచి పెట్టితిని. రెండుదినములకు హారను గొంతు పోయినది. హెడ్డులైటు మిణుకుమిణుకుమని బండి ఆగెను. అందరును క్రొత్త కండెన్సరును అనుమానించిరి. నేను దీపము తీసికొని బావినుండి బయలుదేరితిని. హెడ్డులైటు వేసియుంచి బ్యాటరీ కొనలకు తాకించగా దీపము బాగుగనే వెలిగినది; అంగుళము ఇవతల, కొనకు బిగించిన తీగపై తాకించగా మసకబారినది. మర వ్రేలితో త్రిప్పిన తిరుగుచుండెను. బిగించుట మరచినదానను నేనే. దాని క్రింద తెల్లని పూత కూడ మిగిలియుండెను. తీగను విప్పి, బ్యాటరీ లోపల పడకుండ, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటిలో ముంచిన గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, గట్టిగా బిగించి, పైన కొంచెము వాసెలైను పూసితిని. ఈమారు ఎవరును అడుగకముందే, "అత్తా, ఇది మాత్రం నా తప్పే" అని చెప్పితిని. ఆమె నవ్విరి. మామగారు మూడుదినములు మోసిన మాటను నేను మూడు నిమిషములైనను మోయలేదు. ఎక్కడ తప్పో మొదట తెలిసినచో, ఎవరిదో చెప్పుట అంత కష్టము కాదని నాకు అప్పుడు తెలిసెను.

ఇట్టి పనులు స్త్రీలకు క్రొత్తవియని తలచువారికి బెర్తా బెంజ్ గాథ చెప్పవలెను. 1888 ఆగస్టులో జర్మనీలో ఆమె, భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడు చక్రముల మోటారుబండిని ఆయనకు చెప్పకుండ తీసికొని, ఇద్దరు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయలుదేరెను. దూరము సుమారు 100 కిలోమీటర్లు. అంతదూరము మోటారుబండిలో ప్రయాణము చేసినవారు అంతకుముందు లేరు. దారిలో ఇంధనపు గొట్టము మూసికొనిపోగా తన టోపీసూదితో పొడిచి తెరచెను. నిప్పు పుట్టించు తీగపై తొడుగు అరిగిపోగా తన మేజోడు పట్టీని దానికి చుట్టెను. పుట్టింటికి చేరి భర్తకు తంతి పంపెను. మోటారుబండి దూరప్రయాణమునకు పనికివచ్చునని లోకమునకు చూపినది ఆ గృహిణియే. చేతికందిన వస్తువుతో పని జరుపుకొనుట మనకు వంటింటిలో నిత్యము అలవాటైన విద్యయే గదా!

పాతినుము కొనువాడు చెప్పిన సాయంకాలమునకే వచ్చి, బండి మ్రోత విని నవ్వి పోయెను. దీపావళికి మావారు వచ్చి, తండ్రిని వెనుక కూర్చుండబెట్టుకొని అదే బండిమీద చిత్తూరికి పోయి కండ్లు చూపించిరి. దారిలో ఎక్కడను ఆగలేదు. కంటికి శస్త్రచికిత్స జరుగువరకు నడుపవద్దని డాక్టరుగారు చెప్పిరట. మామగారు ఆ మాటను దాచక, రాగానే అందరి యెదుట తామే చెప్పిరి. ఇప్పుడు వారమునకొకమారు పీట వేసికొని కూర్చుండి నాచేత బండిని చూపించుదురు. పాయింట్లు చూచునంతసేపు తాళము వేసి మరచిపోరాదనియు, పాయింట్లు కలిసియున్నచో కాయిలు ఊరక కాలి బ్యాటరీ ఇంకిపోవుననియు ప్రతిమారును చెప్పుదురు. ప్రతిమారును క్రొత్తగా విన్నట్లు విందును.

మొన్న మా యింట పాలు విరిగినవి. నేను పొయ్యివద్దనే నిలిచియుంటిని గనుక, అలవాటుచొప్పున తల వంచుకొంటిని. అత్తగారు గిన్నెను ఎత్తి వాసన చూచిరి. తరువాత నావంక తిరిగి, "రాత్రి వీటిని ఏ గిన్నెలో పోసుంటిమి? యాడ పెట్టింటిమి?" అని అడిగిరి.